వీడియో గేముల మార్కెట్ మళ్ళీ కుప్పకూలుతుందా?



తొమ్మిది, పది తరగతుల పేరెంట్-టీచర్ మీటింగుల్లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "మావాడు గేమ్ డిజైనర్ అవుతానంటున్నాడు సార్, ఆ లైన్లో భవిష్యత్తు ఉందా?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "ఆ కంపెనీలన్నీ ఉద్యోగుల్ని తీసేస్తున్నాయట కదా, ఆ రంగమే పడిపోతోందట కదా?" ఈ రెండింటికీ కలిపి జవాబు చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే ఈ పరిశ్రమ ఒకసారి నిజంగానే కుప్పకూలింది.

1980 ప్రాంతంలో అమెరికాలో ఇంటి టీవీకి తగిలించుకుని ఆడే గేములంటే అటారీయే. గేములన్నీ ఆ కంపెనీయే తయారుచేసి అమ్ముకునేది. తాము రాసిన గేములకు తమ పేరైనా వేయడం లేదని కొందరు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. అటారీ కోర్టుకెళ్ళింది కానీ చివరికి రాజీ కుదిరింది. దాంతో ఎవరైనా గేములు తయారుచేసి అమ్ముకోవచ్చని అందరికీ అర్థమైపోయింది. ఆఖరికి ఓట్స్ అమ్ముకునే క్వేకర్ కంపెనీ కూడా గేముల విభాగం తెరిచింది. గుంటూరు యార్డులో ఒక ఏడు మిర్చికి మంచి ధర పలికితే మరుసటి ఏడు ఎక్కడ చూసినా మిర్చి తోటలే. ఆ తర్వాత ధర ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

1982లో అటారీ 'పాక్‌మ్యాన్' క్యాసెట్లను కోటీ ఇరవై లక్షల దాకా తయారుచేసిందని చెబుతారు. అప్పటికి జనం ఇళ్ళలో ఉన్న అటారీ యంత్రాలే అన్ని లేవట! గేము ఆడితే మాత్రం ఉసూరుమనిపించింది. అదే ఏడు చివర్లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ సినిమా 'ఈ.టీ.' పేరుతో ఇంకో గేము వచ్చింది. సినిమా హక్కులకే రెండు కోట్ల డాలర్లకు పైగా పెట్టారంటారు. క్రిస్మస్ అమ్మకాలకు అందాలి కాబట్టి, నెలల తరబడి పట్టే పనిని హోవార్డ్ స్కాట్ వార్షా అనే ఒక్క ప్రోగ్రామర్ చేత ఐదు వారాల్లో పూర్తి చేయించారు. పండక్కి పిల్లలకు కొనిచ్చిన తల్లిదండ్రులు తర్వాత దుకాణాలకు తిరిగొచ్చి డబ్బులు వెనక్కి అడిగారు.

అసలు దెబ్బ అక్కడ మొదలైంది. అమ్ముడుపోని సరుకును దుకాణదారులు కంపెనీలకు తిప్పి పంపారు. చిన్న కంపెనీల దగ్గర తిరిగివ్వడానికి డబ్బు లేదు, అవి మూతపడ్డాయి. దిక్కులేని ఆ సరుకును దుకాణదారులు ఐదు డాలర్లకే తెగనమ్మారు. ఐదు డాలర్లకు బుట్ట నిండా గేములు దొరుకుతుంటే, ముప్ఫై ఐదు డాలర్లు పెట్టి కొత్తది ఎవరు కొంటారు? పైగా అట్టపెట్టె మీది బొమ్మ చూసి లోపలి గేము మంచిదో కాదో చెప్పే వీలు ఆ రోజుల్లో లేదు. అలా చెత్త గేములతో పాటు మంచి గేములూ మునిగిపోయాయి. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న అమెరికా ఇంటి గేముల మార్కెట్, 1985 నాటికి 10 కోట్ల డాలర్ల దగ్గరికి పడిపోయిందని లెక్క. మిగిలిపోయిన క్యాసెట్లను అటారీ లారీల్లో తీసుకెళ్ళి న్యూమెక్సికోలోని అలమగోర్డో పట్టణం చెత్తకుప్పలో పూడ్చింది. చాలాకాలం దీన్ని కట్టుకథ అనుకున్నారు. 2014లో తవ్వితే క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి.

ఈ పతనం ప్రధానంగా అమెరికాదే. అదే 1983లో జపాన్‌లో నింటెండో తన ఫ్యామికామ్ యంత్రాన్ని విడుదల చేసి బాగా అమ్ముకుంది. దాన్ని 1985లో అమెరికాకు తెచ్చేటప్పుడు 'వీడియో గేమ్' అన్న మాట వినపడకుండా 'ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్' అని పేరు పెట్టి, జతగా ఒక బొమ్మ రోబోను ఇచ్చింది. అనుమతి లేని క్యాసెట్ పెడితే పనిచేయకుండా లోపల ఒక చిప్ బిగించింది. బయటి కంపెనీలు ఏడాదికి ఐదు గేములకు మించి విడుదల చేయకూడదని షరతు పెట్టింది. మనలో చాలామంది తొంభైల్లో వేసవి సెలవులకు అద్దెకు తెచ్చుకునో, అడిగి కొనిపించుకునో మారియో, కాంట్రా ఆడిన యంత్రాలు ఆ ఫ్యామికామ్‌కు నకళ్ళే. 'ఒకే క్యాసెట్లో 9999 గేములు' అని రాసి ఉండి, లోపల పది పన్నెండు గేములే తిరిగి తిరిగి వచ్చేవి, గుర్తుందా? అమెరికాలో చచ్చిందనుకున్న మార్కెట్ జపాన్ మీదుగా మన ఇళ్ళకు అలా చేరింది.

అలాంటిది మళ్ళీ జరుగుతుందా? అచ్చం అలాగే జరిగే అవకాశం చాలా తక్కువని మా అభిప్రాయం. ఇప్పుడు గేములు ఎక్కువగా డౌన్‌లోడ్ రూపంలోనే అమ్ముడవుతున్నాయి కాబట్టి, గోడౌన్లో పేరుకుపోయే సరుకు లేదు, పూడ్చిపెట్టడానికి క్యాసెట్లూ లేవు. గేము ఎలా ఉందో కొనేముందే యూట్యూబులో చూడొచ్చు. ఒకే కంపెనీ, ఒకే యంత్రం మీద మార్కెట్ ఆధారపడి లేదు. ఫోన్, కంప్యూటర్, కన్సోల్ అన్నీ ఉన్నాయి. ఆడేవాళ్ళు అమెరికా పిల్లలు మాత్రమే కాదు, అన్ని దేశాల్లో అన్ని వయసులవాళ్ళూ ఉన్నారు. ప్రపంచవ్యాప్తంగా గేముల మీద ఏటా పెడుతున్న ఖర్చు 18,000 కోట్ల డాలర్ల పైమాటే. 2025 జూన్‌లో నింటెండో కొత్త యంత్రం స్విచ్ 2 నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడైంది. కుప్పకూలే మార్కెట్ లక్షణాలు కావివి.

మరి ఉద్యోగాలు ఎందుకు పోతున్నాయి? తల్లిదండ్రులు నిలబడి చూడాల్సిన చోటు ఇదే. 1983లో కొనేవాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడు కొనేవాళ్ళు ఉన్నారు, పనిచేసేవాళ్ళే బయటికి పోతున్నారు.

2020 లాక్‌డౌన్‌లో ఇళ్ళలో కూర్చున్న జనం విపరీతంగా గేములు ఆడారు. ఆ ఊపు అలాగే ఉంటుందనుకుని కంపెనీలు అప్పులు తెచ్చి, స్టూడియోలు కొని, ఉద్యోగుల్ని చేర్చుకున్నాయి. స్కూళ్ళు, ఆఫీసులు తెరిచాక ఆట తగ్గింది. 2022 నుంచి వడ్డీలు పెరిగాయి. 2023లో పదివేల మందికి పైగా, 2024లో అంతకన్నా ఎక్కువ మంది ఈ పరిశ్రమలో ఉద్యోగాలు కోల్పోయారు. మన హైదరాబాదీ సత్య నాదెళ్ళ నడుపుతున్న మైక్రోసాఫ్ట్, ఒకప్పుడు ఆ ప్రోగ్రామర్లు పెట్టిన యాక్టివిజన్‌నే 2023 అక్టోబరులో దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొనడం పూర్తిచేసింది. నాలుగు నెలలు తిరక్కుండా, 2024 జనవరిలో, గేముల విభాగంలో 1,900 మందిని తీసేసింది. ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తగ్గించింది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే అమెరికాలో ఉండడానికి మామూలుగా దొరికే గడువు 60 రోజులే. పిల్లల్ని ఎమ్మెస్‌కు పంపిన ఇళ్ళకు ఆ 60 రోజులంటే ఏమిటో తెలుసు.

ఇంకో సమస్య మీ ఇంట్లోనే కనిపిస్తుంది. మీ అబ్బాయో అమ్మాయో రెండు మూడేళ్ళుగా ఏ గేము ఆడుతున్నారో ఒకసారి గమనించండి. చాలా ఇళ్ళలో అదే మైన్‌క్రాఫ్ట్, అదే రోబ్లాక్స్, అదే బీజీఎంఐ. రోబ్లాక్స్ 2006 నాటిది, మైన్‌క్రాఫ్ట్ పూర్తి రూపంలో వచ్చింది 2011లో. పాతవి కొత్త హంగులతో నడుస్తూనే ఉంటాయి, పిల్లలు వాటిలోనే ఉంటారు. కొత్త గేముకు పోటీ ఇంకో కొత్త గేము కాదు, మీ పిల్లవాడికి రోజూ దొరికే ఆ గంట సమయం. ఒక పెద్ద గేము తయారీకి ఇప్పుడు 30 కోట్ల డాలర్ల దాకా అవుతోంది. సోనీ వారి 'కాంకార్డ్' ఏళ్ళ తరబడి తయారై 2024 ఆగస్టు 23న విడుదలైంది. ఆడేవాళ్ళు లేక సెప్టెంబరు 6న ఆపేసి, కొన్నవాళ్ళకు డబ్బు వాపసు ఇచ్చారు. ఆ స్టూడియోను మూసేశారు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఒక్క 2024లోనే 18 వేలకు పైగా గేములు వచ్చాయి, అంటే రోజుకు యాభై. 1983లో లాగే సరుకు ఎక్కువైపోయింది. తేడా ఏమిటంటే, ఇప్పుడు మునిగేది మార్కెట్ కాదు, ఆ గేము తయారుచేసినవాళ్ళు.

అదృష్టం వరించినవాళ్ళూ ఉన్నారు. 2024లో వచ్చిన 'బలాట్రో'ను కెనడాలో ఒకే ఒక్క వ్యక్తి తయారుచేశాడు. ఏడాదిలోపే 50 లక్షల కాపీలు అమ్ముడైంది. పిల్లలు మీకు చెప్పే ఉదాహరణ ఇలాంటిదే అయ్యుంటుంది. జేఈఈ ర్యాంకుల లెక్కలు కంఠతా వచ్చిన మనకు, 18 వేలల్లో ఒకటి అంటే ఎంతో వేరే చెప్పాలా!

ఇక మన దేశం సంగతి. ఇక్కడ ఒక తికమక ఉంది, అది ఫీజు కట్టేముందే తేల్చుకోవాలి. మన దగ్గర 'గేమింగ్' అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు వ్యాపారాలు నడిచాయి. ఒకటి గేములు తయారుచేయడం. రెండోది రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటి డబ్బు పెట్టి ఆడే ఆటలు. వీటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి దేశమంతటా ఆపేసింది. బిల్లు పార్లమెంటుకు వచ్చిన వారంలోపే పెద్ద పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు మూసేశాయి. టీమిండియా జెర్సీ మీద డ్రీమ్11 పేరు కూడా పోయింది. కుప్పకూలడమంటే అది! ఆ చట్టంలోనే ఈ-స్పోర్ట్స్‌కు, డబ్బు ప్రమేయం లేని గేములకు ప్రోత్సాహం ఉంటుందని కూడా ఉంది. కానీ కోర్సుల బ్రోచర్లలో 'భారత గేమింగ్ రంగం ఇన్ని వేల కోట్లు' అని కనిపించే పాత అంకెల్లో పెద్ద వాటా ఆ డబ్బు ఆటలదే. ఆ అంకె చూసి నిర్ణయం తీసుకోకండి.

గేములు తయారుచేసే పని మన దగ్గర ఎక్కువగా విదేశీ కంపెనీలకు చేసిపెట్టేదే: బొమ్మలు గీయడం, పరీక్షించడం, నడుస్తున్న గేముకు కొత్త భాగాలు చేర్చడం. హైదరాబాదులో పెద్ద కార్యాలయం ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు కొంటామని 2025 సెప్టెంబరులో ఒక పెట్టుబడిదారుల బృందం ప్రకటించింది. అందులో 2,000 కోట్లు అప్పు. అంత అప్పు నెత్తిన పడితే ఖర్చు తగ్గించుకోక తప్పదు. ఆ తగ్గింపులో పని ఇక్కడికి వస్తుందా, ఇక్కణ్ణించి పోతుందా అన్నది రెండు విధాలుగానూ జరగొచ్చు. ఎలా జరిగినా నిర్ణయం మాత్రం మన చేతిలో ఉండదు. 2025 ఫిబ్రవరిలో పారిస్‌కు చెందిన టెక్నికలర్ దెబ్బతిన్నప్పుడు, సినిమా గ్రాఫిక్స్, యానిమేషన్ చేసే బెంగళూరు ఉద్యోగులు వేలమంది ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు.

అంటే వద్దనాలా? వద్దనడం దండగ, పైగా పిల్లలు వినరు. పదో తరగతి తర్వాత 'గేమింగ్ డిప్లొమా' అనే ఇరుకు సందులోకి నేరుగా పంపడం కన్నా, రెండు మూడు దారులున్న కూడలిలో నిలబెట్టడం మేలు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు ఎంపీసీ, ఆ తర్వాత కంప్యూటర్ సైన్సు చదివితే, గేముల ఉద్యోగం పోయినా ప్రోగ్రామింగ్ పోదు. బొమ్మలంటే ప్రాణం పెట్టే పిల్లలకు యూసీడ్ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ డిగ్రీ చదివే వీలుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవాళ్ళైనా రాయొచ్చు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

లక్షల ఫీజు కట్టేముందు ఒక వేసవి సెలవులు వాళ్ళకివ్వండి. గోడాట్, బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం, మామూలు కంప్యూటర్ చాలు. రెండు నెలల్లో ఎంత చిన్నదైనా సరే, మొదలూ చివరా ఉన్న ఒక గేము పూర్తిచేసి నలుగురు స్నేహితుల చేత ఆడించమనండి. ఆడటం ఇష్టమో, తయారుచేయడం ఇష్టమో ఆ రెండు నెలల్లో మీకన్నా ముందు వాళ్ళకే తెలిసిపోతుంది.

అప్పటికీ కోర్సే కావాలంటే, ఆ సంస్థకు వెళ్ళి గత రెండు బ్యాచ్‌లవాళ్ళు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. వాళ్ళలో ఎవరి పేరైనా విడుదలైన ఏ గేములోనైనా కనిపిస్తుందా అని కూడా అడగండి. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అంటే ఏ ఉద్యోగం, ఎంత జీతం, ఎన్నాళ్ళు నిలిచింది అన్నది కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడానికి తటపటాయిస్తే ఆ రోజు ఫీజు కట్టకుండా ఇంటికి వచ్చేయండి. అడ్మిషన్లకు ఆఖరి తేదీ అని వాళ్ళు చెప్పేది చాలాసార్లు పొడిగిస్తారు.