ఆటల పూడిక

పిల్లలూ! కడప సీమలో పోరుమామిళ్ల చెరువు ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దాన్ని కట్టించిన సంగతి 1369 నాటి శాసనం చెబుతుంది. అంతటి చెరువైనా సరే, అడుగున పూడిక చేరినకొద్దీ నీటికి చోటు తగ్గిపోతుంది. కంప్యూటరులోని డిస్కు కూడా అంతే. అక్కడ చేరే పూడిక ఒండ్రుమట్టి కాదు, ఆటల అనుబంధాలు!

ఒక ఆట కొన్న తరువాత కొత్త దారులనీ, కొత్త వేషాలనీ, పరభాషల మాటలనీ ఏవేవో వచ్చి చేరుతాయి. వీటినే డి.ఎల్.సి. అంటారు. ఇవి ఇంత చోటెందుకు తింటాయి? ముఖ్యంగా బొమ్మలవల్ల. అడ్డం 4,096, నిలువు 4,096 చుక్కలున్న ఒక్క బొమ్మలో 1 కోటి 67 లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున, కుదించకపోతే, 6 కోట్ల 71 లక్షల బైట్లు! 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో రెండడుగుల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలే పట్టేవి. మన బొమ్మ ఒక్కదానికి అలాంటి యంత్రాలు పదమూడైనా చాలవు.

పూడిక తీయాలని ఫైళ్లను వెతికి చెరిపేయకండి; ఆట మొరాయిస్తుంది. స్టీమ్‌లోనైతే ఆట పేరుమీద కుడి బొత్తాము నొక్కి, ప్రాపర్టీస్‌లో డి.ఎల్.సి. పట్టీ తెరిచి, అక్కరలేనిదాని ఎదుట టిక్కు తీసేస్తే చాలు. కొన్న సరుకు మీదే, మళ్లీ తెచ్చుకోవచ్చు. మీరు ఆడి దాచుకున్న ఆట సంగతి వేరు. దాన్ని చెరిపితే మళ్లీ మొదటినుంచే!

తెచ్చుకోవడమూ చిటికెలో పని కాదు సుమా. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో 20 గిగాబైట్లు రావడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. రేపు అన్నయ్య ఆడబోయే భాగాన్ని తీసేముందు అతన్ని ఒక్కమాట అడగండి.