ముసుగు మనిషి లేని మూడో భాగం

శుభలేఖ చూసుకుని పెళ్ళికి వెళితే, పీటలమీద పెళ్ళికొడుకు మరొకడు కూర్చుని ఉంటే ఎలా ఉంటుంది? 1982 అక్టోబరులో అమెరికాలో ‘హాలోవీన్’ మూడో భాగానికి వెళ్ళిన ప్రేక్షకులకు అచ్చం అలాగే అయింది.

హాలోవీన్ అంటే అక్కడివారి పండుగ. అక్టోబరు 31 రాత్రి పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని, ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. ఆ రాత్రిని ఆధారం చేసుకుని జాన్ కార్పెంటర్ 1978లో సుమారు 3 లక్షల డాలర్లతో ఒక భయానక చిత్రం తీశారు. తెల్లని ముసుగు తొడుక్కుని, కత్తి పట్టుకు తిరిగే మైకేల్ మయర్స్ అందులో హంతకుడు. చిత్రం విరగబడి ఆడింది. 1981లో వచ్చిన రెండో భాగం చివర మైకేల్ మంటల్లో కూలిపోయాడు.

ఇక వాడి కథ చాలించి, పండుగను మాత్రం ఉంచుకుని, ప్రతిసారీ ఒక కొత్త కథ చెప్పాలని కార్పెంటర్, సహనిర్మాత డెబ్రా హిల్ తలపెట్టారు. సుమారు 25 లక్షల డాలర్లతో మూడో భాగం తయారయింది. దర్శకుడు టామీ లీ వాలెస్. తమాషా ఏమిటంటే, మొదటి చిత్రంలో ఒక చవక మాస్కుకు తెల్లరంగు వేసి మైకేల్ ముఖం తయారుచేసింది కూడా ఆయనే!

ఈ కథలో దుర్మార్గుడు కత్తి పట్టడు. అతను మాస్కుల వ్యాపారి. పండుగ రాత్రి టెలివిజన్‌లో అతని ప్రకటన రాగానే, మాస్కు తొడుక్కున్న పిల్లలు చనిపోవాలని పన్నాగం. ఆ ప్రకటన పాట ‘లండన్ బ్రిడ్జ్’ బాణీలో చిత్రమంతటా మోగుతూనే ఉంటుంది.

ప్రేక్షకులు మైకేల్ ఏడీ అని మండిపడ్డారు. సీరియల్ చదివే మనకు ఆ కోపం తెలియనిది కాదు. పేరు అలాగే ఉంచి, మధ్యలో కథానాయకుణ్ణి మార్చేస్తే మనం మాత్రం ఊరుకుంటామా? చిత్రంలో లోపాలు లేవనీ నేననను. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ బండను కాలిఫోర్నియాకు ఎలా చేర్చారో చెప్పనే చెప్పరు. మొదట కథ రాసిన బ్రిటిష్ రచయిత నైజెల్ నీల్, హింస మితిమీరిందని తన పేరే తీయించుకున్నారు.

అయినా నాకు కత్తి పట్టిన మైకేల్ కంటే ఈ వ్యాపారి అంటేనే ఎక్కువ భయం. మైకేల్ వస్తే తలుపు గడియ పెట్టుకోవచ్చు. ఈ మాస్కును తల్లిదండ్రులే డబ్బిచ్చి కొంటారు. ఆ ప్రకటనను ముందుగదిలో పిల్లల పక్కన కూర్చుని తామూ చూస్తారు. పిల్లవాడికి ముచ్చటపడి కొనిచ్చిన వస్తువే వాడి ప్రాణం తీస్తుందన్న ఊహ, ఏ ఇంట్లోనైనా నిద్ర పట్టనిచ్చేది కాదు.

చిత్రానికి అమెరికాలో సుమారు 1 కోటి 40 లక్షల డాలర్లు వచ్చాయి. పెట్టుబడికి మించినదే గాని, రెండో భాగం రాబడికి చాలా తక్కువ. 1988 నాటి నాలుగో భాగంలో మైకేల్ తిరిగొచ్చాడు. ఆ సంగతి చిత్రం పేరులోనే చాటారు. 2022 నాటికి మొత్తం 13 చిత్రాలైనాయి. వాటిలో మైకేల్ లేనిది ఇదొక్కటే.

పేరే ఈ చిత్రాన్ని దెబ్బతీసిందంటారు. నిజమే. కాని ఆ పేరు లేకపోతే, ఇటువంటి వింత కథకు 25 లక్షలు పెట్టేవారెవరు? మైకేల్ కోసం ఎదురుచూడకుండా చూసిన తరువాతి తరంవారు దీన్ని ఆదరించారు. మీరూ ఆ మూడో అంకెను మరచి చూడండి. పిల్లలను పడుకోబెట్టిన తరువాతే సుమండీ!