గ్యాస్ నొప్పి అనుకున్నది గుండెపోటేమో!

గుండెపోటు అనగానే మనందరికీ గుర్తొచ్చేది సినిమా దృశ్యమే. పెద్దాయన ఛాతీ పట్టుకుంటాడు, ఒక్క కేక పెట్టి కుప్పకూలిపోతాడు. నిజ జీవితంలో ప్రతిసారీ అలా జరగదు. చాలామందికి అది నెమ్మదిగా, అనుమానం రాకుండా మొదలవుతుంది. ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చిన కుటుంబాలు మాతో తరచు చెప్పే మాట ఒకటే: "గ్యాస్ అనుకున్నామండీ." సోడా తాగించారు, వాము నమిలించారు, వీపుకు బామ్ రాశారు, కాసేపు పడుకోమన్నారు. ఈలోగా గంటలు గడిచిపోయాయి.

మన దేశంలో 50 నగరాల్లోని 89 ఆసుపత్రులలో 20,937 మంది హృద్రోగులను పరిశీలించిన 'క్రియేట్' అనే అధ్యయనం 2008లో వెలువడింది. లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలని అందులో తేలింది. అంటే సగంమంది ఆరు గంటలు దాటాకే వచ్చారన్నమాట. ఆసుపత్రికి వచ్చాక గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి పట్టింది 50 నిమిషాలు. అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

లింగంపల్లి, చందానగర్, నల్లగండ్ల, బి.హెచ్.ఇ.ఎల్. ప్రాంతాల వారికి గచ్చిబౌలి వైపు రద్దీ గురించి మేము చెప్పనక్కరలేదు. ఆ రద్దీ మన చేతిలో లేదు. కానీ "చూద్దాం, తగ్గుతుందేమో" అంటూ ఇంట్లో పోగొట్టుకునే సమయం మాత్రం మన చేతిలోనే ఉంది.

లోపల ఏం జరుగుతుంది?

గుండె కండరానికి రక్తం అందించే నాళంలో కొవ్వు పేరుకుంటుంది. ఆ కొవ్వు పొర చిట్లినప్పుడు అక్కడ రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. కాలువ మూసేస్తే పొలం ఎండినట్లు, రక్తం అందని కండరం నిమిషం నిమిషానికీ దెబ్బతింటుంది. చనిపోయిన కండరం మళ్ళీ మొలవదు. అందుకే మొదటి గంటను బంగారు గంట అంటారు. గడ్డ కరిగించే మందు 12 గంటలలోపు ఇవ్వవచ్చు గానీ, ఎంత త్వరగా ఇస్తే అంత కండరం దక్కుతుంది. వీలున్నచోట వెంటనే చేసే యాంజియోప్లాస్టీ ఇంకా మంచి ఫలితాన్నిస్తుంది.

లక్షణాలు ఎన్ని రకాలు?

1. ఛాతీ మధ్యలో బరువు, బిగపట్టినట్లు, నొక్కినట్లు, మంటగా ఉండటం. చాలామంది దీన్ని "నొప్పి" అని కూడా అనరు, "ఏదోలా ఉంది" అంటారు.
2. ఎడమ చేయి, రెండు చేతులు, భుజాలు, మెడ, దవడ, వీపు వైపు పాకే నొప్పి. పంటి నొప్పి అనుకునేవారూ ఉన్నారు.
3. పొట్ట పైభాగంలో నొప్పి, వికారం, వాంతి.
4. పని చేయకపోయినా చల్లని చెమటలు.
5. ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం.
6. కారణం లేని నీరసం, కళ్ళు తిరగడం, గాబరా.

ఇవన్నీ ఒకేసారి రావాలని లేదు. ఒకటి రెండు వచ్చినా చాలు. కొన్నిసార్లు వచ్చిపోతూ కూడా ఉంటాయి.

నొప్పి లేని గుండెపోటు

అమెరికాలో గుండెపోటు నిర్ధారణ అయిన నాలుగు లక్షల మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించి 2000లో ఒక నివేదిక ప్రచురించారు. వారిలో మూడోవంతు మందికి ఆసుపత్రికి వచ్చేటప్పటికి ఛాతీ నొప్పి లేదు. 2012లో వచ్చిన మరో నివేదికలో అలా నొప్పి లేనివారు స్త్రీలలో 42 శాతం, పురుషులలో సుమారు 31 శాతం.

షుగరు వ్యాధి ఎక్కువకాలంగా ఉన్నవారిలో నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవచ్చు. వయసు మళ్ళినవారిలో ఆయాసం, అయోమయం మాత్రమే కనిపించవచ్చు. ఇక మన ఇళ్ళలో అమ్మ, అత్తమ్మ, అమ్మమ్మ "నాకేమైంది, పనెక్కువైంది, అంతే" అని దాచుకుంటారు. ఉపవాస ప్రార్థన రోజు నీరసం వస్తే ఉపవాసం వల్లే అనుకుంటారు. షుగరు, బి.పి. ఉన్న తల్లి ఒక్కసారిగా చెమటలు పట్టి కూర్చుండిపోతే దాన్ని నీరసమని వదిలేయకండి.

గ్యాసో, గుండో ఎలా తెలుస్తుంది?

నిజం చెప్పాలంటే, ఇంట్లో కచ్చితంగా తెలియదు. యాంటాసిడ్ తాగితే కాస్త తగ్గినంత మాత్రాన అది గ్యాసేనని నమ్మడానికి లేదు. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువు రక్తనాళం సన్నబడిందని చెప్పే ముందు హెచ్చరిక. అలాంటిది ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడే వచ్చి, పది పదిహేను నిమిషాలైనా తగ్గకపోతే గుండెపోటుగానే భావించి కదలాలి. తీవ్రంగా ఉంటే అంతసేపు కూడా ఆగవద్దు.

తేల్చేది ఇ.సి.జి., రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నా గుండెపోటు లేదని కాదు. డాక్టరు ఉండమంటే ఉండి, రెండోసారి పరీక్ష చేయించుకోండి.

చిన్న వయసని ధీమా వద్దు

52 దేశాలలో జరిగిన 'ఇంటర్‌హార్ట్' అధ్యయనం సమాచారం ప్రకారం దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోంది. ఇతర ప్రాంతాల వారికి అది దాదాపు 59. ఆంధ్రప్రదేశ్ ఐ.టి. శాఖ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు 2022 ఫిబ్రవరి 21న హైదరాబాదులో గుండెపోటుతో మరణించినప్పుడు ఆయన వయసు 50. మన ప్రాంతంలో రాత్రి షిఫ్టులు, గంటల తరబడి కుర్చీ, సిగరెట్లు, నిద్రలేమి మామూలైపోయాయి. ముప్పై ఏళ్ళు దాటినవారు బి.పి., షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవడం మంచిది. పొగాకు పూర్తిగా మానాలి.

ఏం చేయాలి?

• వెంటనే 108కు ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఉచితం. ముందు ఫోను, తర్వాత బంధువులకు కబురు. ప్రార్థన చేస్తూనే ఫోను చేయవచ్చు.
• రోగిని సౌకర్యంగా కూర్చోబెట్టండి. మెట్లు దిగనివ్వకండి, నడిపించకండి, సొంతంగా బండి నడపనివ్వకండి.
• స్పృహలో ఉండి, ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, కడుపులో పుండు, రక్తస్రావం లేకపోతే, 108 వారినో డాక్టరునో అడిగి 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించండి.
• పక్కింటివారి సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టకండి. బి.పి. పడిపోతే ప్రమాదం. డాక్టరు ముందే రాసిచ్చినవారికే అది.
• గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్న ప్రచారం నమ్మకండి.
• డబ్బు సమకూర్చుకున్నాక బయలుదేరదామని ఆగకండి. తెలంగాణలో అర్హత గల కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది.

మనిషి కుప్పకూలితే

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. మొదటిది మోటారు పైపులో అడ్డం పడటం లాంటిది. రెండోది మోటారుకు కరెంటు పోవడం లాంటిది. మొదటిదాని వల్ల రెండోది రావచ్చు. పిలిచినా పలకక, మామూలుగా ఊపిరి తీయకపోతే ఒకరు 108కు ఫోను చేయాలి, మరొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. అలసిపోతే చేయి మార్చుకోండి.

ఈ వారమే చేయవలసిన పని

ఇంట్లో అందరూ కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. ఇ.సి.జి., యాంజియోప్లాస్టీ సౌకర్యం రాత్రింబవళ్ళూ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది? నాన్నగారు, అమ్మగారు వాడే మందుల చీటీ ఎక్కడుంది? ఛాతీలో బరువు అని ఎవరైనా అంటే "రేపు చూద్దాం" అనే అధికారం ఇంట్లో ఎవరికీ లేదని ఒప్పుకుంటారా? మీరు హడావుడిగా వచ్చాక అది గ్యాసేనని తేలితే మేము నవ్వము. సంతోషంగా ఇంటికి పంపిస్తాం.