మీకు తెలుసా? ఫోన్ చేతికిచ్చాం, జాగ్రత్తలు చెప్పామా?

గుడివాడకూ బందరుకూ నడుమ ఉన్న ఊరు గుడ్లవల్లేరు. 2024 ఆగస్టు 29 రాత్రి అక్కడి ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయిలు సెల్‌ఫోన్ టార్చిలు పట్టుకుని న్యాయం కావాలని నినాదాలు చేశారు. హాస్టల్ బాత్రూముల్లో రహస్య కెమెరాలు పెట్టారని, వీడియోలు చేతులు మారుతున్నాయని వాళ్ల అనుమానం. మర్నాడు ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు ప్రకటించారు. ఈలోగా ‘మూడు వందల వీడియోలు’ అన్న మాట సోషల్ మీడియాలో రాష్ట్రమంతా తిరిగేసింది. కెమెరా దొరకలేదు సరే, ఆ పిల్లలు పడిన భయం మాత్రం నిజం. తన బొమ్మ ఎవరి ఫోన్‌లో ఉందోనని వణికిపోతున్న పిల్లకు మనం పంపే ప్రతి ఫార్వార్డూ ఇంకో దెబ్బే. జాలిపడి పంపినా అంతే.

వాట్సాప్‌లో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వార్డ్ చేయలేం. ఈ హద్దు మొదట వచ్చింది మన దేశంలోనే, 2018లో. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు నమ్మి అమాయకుల్ని కొట్టి చంపిన ఏడాది అది. మెసేజ్ మీద జంట బాణాల గుర్తు కనిపిస్తే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ గుర్తు కనబడగానే వేలు ఆపాలని ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పాలి. మన కుటుంబ గ్రూపుల్లో పుకార్లు మోసేది పిల్లలు ఒక్కరే కాదు కదా.

పల్లెటూళ్లలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని దేశమంతటా ‘అసర్’ సర్వే 2024లో అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నవాళ్లు నూటికి 82 మంది. ఆ వారంలో ఫోన్‌ని చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. నన్ను కలవరపెట్టిన లెక్క ఇది కాదు. సోషల్ మీడియా వాడే ఆ పిల్లల్లో అకౌంట్‌ని ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతమే. అంటే తక్కినవాళ్ల ఫొటోలు దారినపోయే ప్రతివాడూ చూసేలా ఉండిపోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ‘అకౌంట్ ప్రైవసీ’ నొక్కి, ‘ప్రైవేట్’ ఆన్ చేస్తే చాలు. నిమిషం పని. ఇవాళే పిల్లల పక్కన కూర్చుని చేయించండి.

ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశంలో ‘టీన్ అకౌంట్స్’ తెచ్చింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 ఏళ్లు నిండనివాళ్లు ఈ ఏర్పాట్లను సడలించుకోవాలంటే అమ్మానాన్నలు ఒప్పుకోవాలి. బాగానే ఉంది. కానీ పదేళ్లకో పదకొండేళ్లకో, పుట్టిన సంవత్సరం మార్చి అకౌంట్ తెరిచిన పిల్లల సంగతేమిటి? వాళ్లు ఇచ్చిన తేదీనే నమ్మితే కంపెనీ లెక్కలో వాళ్లెప్పుడో పెద్దవాళ్లైపోయారు. ఈ రక్షణల్లో ఒక్కటీ వాళ్లకు అందదు. కాబట్టి అకౌంట్‌లో ఏ సంవత్సరం ఉందో ఒక్కసారి చూడండి.

దాచుకోవాల్సిన ఫొటో బయటికి పొక్కిందని తెలిస్తే పిల్లలు ముందు ఇంట్లోవాళ్లకే భయపడతారు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఇందులో ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోన్‌లోనే దాని నుంచి వేలిముద్రలాంటి ఒక సంకేతం తయారవుతుంది, బయటికి వెళ్లేది అదొక్కటే. ఈ సేవలో చేరిన సంస్థలు ఆ సంకేతంతో సరిపోలే బొమ్మను తమ దగ్గర వెతికి తీసేస్తాయి. పేరు చెప్పనక్కర్లేదు. మన జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనూ ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చిత్రీకరించినా, ఆ వీడియోను పంచినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు.

రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకు దిగులు, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపని అమెరికా సర్జన్ జనరల్ 2023లో హెచ్చరించారు. ఫోన్ వల్ల దిగులు పుడుతోందా, దిగులుగా ఉన్న పిల్లలే ఫోన్‌లోకి పోతున్నారా అన్నది ఇంకా తేలలేదు. నిద్ర సంగతిలో మాత్రం అనుమానం అక్కర్లేదు. ఈ వయసుకు రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రీల్స్ దాన్నే తింటున్నాయి.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి ఆలోచన వచ్చింది. చట్టం మంచిదే. అయితే ఫోన్‌నే లాక్కుంటే పీడ వదులుతుందనేవాళ్లు దివిసీమను తలచుకోవాలి. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చి దాదాపు 10,000 మందిని పొట్టనబెట్టుకున్నప్పుడు ఊళ్లకు ఊళ్లే బయటి ప్రపంచంతో సంబంధం తెగి ఉండిపోయాయి. ఇవాళ అదే దివిసీమలోని నాగాయలంక, కోడూరు వైపు తుపాను హెచ్చరిక నేరుగా చేతిలోని ఫోన్‌కే వస్తోంది. ఫోన్ ఉండాలి, దాంతోపాటు పిల్లకు ధైర్యం చెప్పే మనిషీ ఉండాలి.

ఇంట్లో చెప్పుకోలేని పిల్లలకు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నంబరు 14416. పిల్లల ఫోన్‌లో ఈ నంబరు మీరే సేవ్ చేసివ్వండి.