సముద్రం లేని ఊరిలో సముద్రపు తొట్టె

హైదరాబాదును ముత్యాల నగరమంటారు. అయితే ఆ నగరానికి సముద్రం లేదు. ముత్యాలు దూర తీరాల నుండి వచ్చాయి. వాటిని గుచ్చిన చేతులు మాత్రం ఇక్కడివి. ముత్యం ప్రాణం లేని వస్తువు కనుక ఎంత దూరమైనా ప్రయాణించగలదు, పెట్టెలో ఏళ్ల తరబడి పడి ఉండగలదు. కాని నేడు మన పట్టణాలలో కొన్ని కుటుంబాలు ముత్యాన్ని కాదు, సముద్రపు ప్రాణులనే ఇంటికి తెచ్చుకోవాలని ఆశపడుతున్నాయి. నారింజ రంగు ఒంటిపై తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపను పిల్లలు ఫోను తెరపై చూస్తారు, కావాలంటారు. తండ్రి కాదనలేడు. అసలు ప్రశ్న అక్కడే ఆరంభమవుతుంది. సముద్రానికి 300 కిలోమీటర్ల దూరాన, తగిన ఉప్పు సైతం దొరకని ఊరిలో, ఆ ప్రాణిని మనం బ్రతికించగలమా?

మదర్సాలో మేము ఫిఖహ్ బోధనను నీటి అధ్యాయంతో ఆరంభిస్తాము. వర్షపు నీరు, బావి నీరు, నదీజలం, సముద్రజలం అని వరుసగా చెప్పుకుంటూ పోతున్నప్పుడు, "సముద్రపు నీరంటే ఉప్పు కలిపిన నీరే కదా హజ్రత్?" అని ఏటా ఒక విద్యార్థి అయినా అడుగుతాడు. కాదన్నదే జవాబు. ఎందుకు కాదో తెలుసుకుంటే, పై ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లే.

ఉప్పు వేరు, సముద్రం వేరు

ఒక లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో 30 గ్రాముల మేరకు సోడియం, క్లోరైడు. అంటే మన వంటింటి ఉప్పులోని పదార్థాలే. మిగిలిన అయిదు గ్రాములలోనే రహస్యమంతా ఉన్నది. సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేటు మొదలైనవన్నీ ఆ కొద్ది భాగంలోనివే. లీటరుకు మెగ్నీషియం సుమారు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియం సుమారు 410 మిల్లీగ్రాములు ఉంటాయి. నత్త తన గుల్లను, పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది ఆ కాల్షియంతోనే.

"కల్లుప్పు సముద్రం నుండి వచ్చినదే కదా, దానిని తిరిగి నీటిలో కరిగిస్తే సముద్రం కాదా?" అని కొందరు వాదిస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఉప్పుమడిలో జరిగేది వేరు. నౌపడలోనైనా, చినగంజాంలోనైనా మడిలో నీరు ఎండే కొద్దీ ముందుగా కాల్షియం లవణాలు అడుగుకు దిగిపోతాయి. ఆ తరువాత సోడియం క్లోరైడు గడ్డకడుతుంది. రైతు దానిని గోకి తీసుకుంటాడు. మెగ్నీషియం, పొటాషియం చేదునీటిలో మిగిలిపోతాయి. కనుక మన చేతికి వచ్చిన కల్లుప్పు సముద్రంలోని ఒక ముక్క మాత్రమే. దానిని ఎంత నీటిలో కరిగించినా విడిపోయినవి తిరిగి రావు.

నీటిని చేతితో ఎత్తి పోసిన ఇల్లు

సరుకు దొరకని చోట సముద్రపు ప్రాణిని బ్రతికించాలన్న తాపత్రయం కొత్తది కాదు. దీని చరిత్ర ఆరంభమైనదే అటువంటి చోట. 1846లో అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ టార్కీ సముద్రతీరంలో సజీవమైన రాతి పగడాలను చూసి ముచ్చటపడ్డారు. వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, ఉప్పునీటి జాడీలో పెట్టి లండన్ లోని తమ ఇంటికి తెచ్చుకున్నారు. నాడు మోటారు పంపు లేదు, గాలి బుడగల యంత్రం లేదు, అంగడిలో సముద్రపు ఉప్పు లేదు. తొలుత తీరం నుండి కొత్త నీటిని తెప్పించి మార్చేవారు. అది ఎల్లకాలం సాగే పని కాదు. అందుచేత ఉన్న నీటినే తెరచిన కిటికీ ముందు ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి ఎత్తి పోయించేవారు. ఇంట్లో పనిచేసే బాలిక రోజూ అరగంటకు పైగా ఆ పని చేసేది. గాలిలోని ఆక్సిజన్ నీటిలో కలవడానికి ఇదే ఉపాయం. మరుసటి సంవత్సరం ఆమె సముద్రపు నాచును కూడా ఆ పాత్రలలో చేర్చారు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, ప్రాణి దానిని పీల్చుకుంటుంది. అలా ఆ పగడాలు దాదాపు మూడేళ్లు జీవించాయి.

సముద్రజలం కొరత తీర్చడానికి ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1854లో ఒక మార్గం చూపారు. వంట ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు అనే నాలుగు లవణాలను పాళ్ల ప్రకారం మంచినీటిలో కలిపి కృత్రిమ సముద్రజలాన్ని తయారు చేశారు. నేడు డబ్బాలలో అమ్ముడవుతున్న "మెరైన్ సాల్ట్" ఆ ఆలోచనకు వారసురాలే.

మరొక శతాబ్దం గడిచాక ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే పెంపకందారు దీనికి భిన్నమైన పద్ధతి చూపారు. ఖరీదైన వడపోత యంత్రాలు లేకుండానే, సముద్రం నుండి తెచ్చిన జీవం గల రాళ్లు, శుభ్రమైన సముద్రజలం, సన్నని గాలి బుడగలు, సూర్యకాంతితో పగడాలను పెంచి, 1961లో ఆ విధానాన్ని ప్రకటించారు. ఆ రాళ్ల రంధ్రాలలోని సూక్ష్మజీవులే వడపోత పని చేశాయి. ఆయనకు యంత్రం లేదు, సముద్రం మాత్రం దగ్గరలో ఉన్నది. మనకు యంత్రం కొరియర్ లో వస్తుంది, సముద్రమే రాదు. ఎవరి కొరత ఏమిటో వారు ముందుగా గుర్తించాలి. పొరుగువాని పద్ధతిని యథాతథంగా అనుసరిస్తే నష్టపోయేది తొట్టెలోని ప్రాణి.

మన ఊళ్లలో చేయవలసినవి

మొదటిది నీరు. మన బోరు నీటిలో సున్నపు లవణాలు, చాలా చోట్ల నైట్రేటు, కొన్ని జిల్లాలలో ఫ్లోరైడు అధికం. పురపాలక కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఈ నీటికి ఉప్పు కలపరాదు, ఆర్.ఓ. నీరే వాడాలి. ఇంట్లో త్రాగే నీటి యంత్రాలు కొన్ని రుచి కోసం వడకట్టని నీటిని కొంత తిరిగి కలుపుతాయి. కనుక టి.డి.ఎస్. కొలిచే చిన్న పరికరంతో పరీక్షించి, అంకె సున్నాకు దగ్గరగా ఉన్న నీటినే స్వీకరించాలి. యంత్రం వదిలే నీటిని పారబోయకుండా ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు.

రెండవది ఉప్పు. 100 లీటర్ల తొట్టెకు తొలిసారి మూడున్నర కిలోలకు పైన సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. వారానికి 10 లీటర్ల నీరు మార్చినా ఏడాదికి ఇంకో 18 కిలోలకు పైగా ఖర్చవుతుంది. చిన్న పట్టణాలలో ఇది దొరకదు. హైదరాబాదు నుండో, చెన్నై నుండో రావాలి. వానాకాలంలో పార్సిలు ఆలస్యం కావచ్చు. అందువల్ల కనీసం మూడు నెలల ఉప్పు ముందుగానే ఇంట్లో ఉండాలి, అదీ గాలి చొరని డబ్బాలో. తేమ తగిలి రాయిలా గట్టిపడిన మిశ్రమం సరిగా కరగదు.

సముద్రతీరానికి దగ్గరలో ఉన్నవారు క్యాన్లలో సముద్రజలమే తెచ్చుకుంటారు. అయితే 100 లీటర్ల సముద్రజలం 102 కిలోలకు పైగా బరువు తూగుతుంది. గోదావరి, కృష్ణ నదీముఖాల దాపున, ముఖ్యంగా వానల తరువాత, ఆ నీటిలో ఉప్పు తగ్గి ఒండ్రు పెరుగుతుంది. మన తీరంలో లక్షద్వీపాలలోని వంటి పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికీ ఈ మంచినీరు, ఒండ్రు ముఖ్య కారణాలే.

మూడవది ఆవిరి. చాలామంది నష్టపోయేది ఇక్కడే. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. 100 లీటర్లలో 5 లీటర్లు ఆవిరైతే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 37 గ్రాములకు చేరువవుతుంది. తగ్గిన మట్టాన్ని ప్రతిసారీ ఉప్పునీటితోనే నింపుతూ పోతే ఉప్పు క్రమంగా పెరుగుతూనే పోతుంది. కనుక రోజూ ఉప్పు లేని శుద్ధజలమే పోయాలి. తొట్టె అద్దంపై నీటి మట్టానికి ఒక గీత గీసి పెట్టుకుంటే చాలు, పిల్లలు కూడా ఈ పని చేయగలరు.

నాలుగవది వేడి. ఈ ప్రాణులకు 25 నుండి 27 డిగ్రీలు అనుకూలం. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. నీటిపైకి చిన్న ఫ్యాను పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది; అయితే పోయవలసిన నీరు అంతకంత పెరుగుతుంది. గది వేడి ఇంకా మించితే ఫ్యాను సరిపోదు. ఇక కరెంటు పోయినప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కనుక బ్యాటరీతో నడిచే గాలి పంపు తప్పనిసరి.

అయిదవది ఓపిక. చేప విసర్జించే అమోనియా దానికే విషం. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, మరొక జాతి నైట్రేటుగా మారుస్తాయి. ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేప లేని తొట్టెకు చిటికెడు మేత వేస్తూ, పరీక్షా ద్రావణాలతో కొలుస్తూ వేచి ఉండాలి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నా అయిన తరువాతే తొలి చేపను తేవాలి.

సున్నపు తేట

దొరకని సరుకుకు వంటింటి దారిలో ప్రత్యామ్నాయం వెతకడం సహజం. వాటిలో శాస్త్రసమ్మతమైనది సున్నపు తేట. 1970ల దశకంలో పీటర్ విల్కెన్స్ అనే పెంపకందారు ఐరోపాలో దీనిని ప్రచారంలోకి తెచ్చారు. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడును శుద్ధజలంలో కలిపి, తేరిన పై నీటిని మాత్రం ఆవిరైన నీటికి బదులుగా రాత్రివేళ చుక్కచుక్కగా వదులుతారు. తొట్టెకు కాల్షియం, క్షారత రెండూ లభిస్తాయి. రాళ్లపై గులాబీ రంగు నాచు పొర పెరుగుతుంది. అయితే తమలపాకుల అంగడిలోని సున్నంలో వేరే పదార్థాలు ఉండవచ్చు కనుక ప్రయోగశాలలకు అమ్మే స్వచ్ఛమైన పొడినే వాడాలి. ఆ తేట చర్మాన్ని, కళ్లను కాల్చేంత క్షారం గలది. ఒక్కసారిగా పోస్తే తొట్టెలోని ప్రాణులు చనిపోతాయి. దానిని పిల్లలకు అందని చోట ఉంచాలి. చేపలు మాత్రమే ఉన్న తొట్టెకు దీని అవసరం లేదు.

దొరకకపోవడమే మేలైన సరుకు

ఒక సరుకు విషయంలో మాత్రం కొరతను మనం అభినందించాలి. మన దేశంలో రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నీటిగుర్రాలు కూడా అదే సంవత్సరం చేరాయి. అనగా పులికి ఉన్న రక్షణే వాటికీ ఉన్నది. ఉల్లంఘనకు మూడు నుండి ఏడేళ్ల వరకు జైలు శిక్ష. పగడాలు అంటుకుని ఉన్న "జీవం గల రాయి"కి కూడా ఇదే వర్తిస్తుంది. కనుక లీ చిన్ ఎంగ్ విధానం ఇక్కడ మనకు చెల్లదు. రంధ్రాలున్న సిరామిక్ రాళ్లతో సరిపెట్టుకోవాలి. "ఎవరికీ తెలియదు, ఒక్క ముక్కే" అని అమ్మేవాడు చెప్పవచ్చు. ఒక్క ముక్క వెనుక ఎన్నో ఏళ్ల పెరుగుదల ఉంటుంది. చెట్టును నరికినట్లే దానిని పెకలించి తెస్తారు.

చేపల విషయంలో ధర్మబద్ధమైన దారి ఉన్నది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే విధానాన్ని రూపొందించారు. తమిళనాడులోని మండపం ప్రాంతంలో మహిళా బృందాలు ఆ పిల్లలను పెంచి అమ్మి ఉపాధి పొందుతున్నాయి. హేచరీలో పుట్టిన చేప తొట్టెకు, పొడి మేతకు అలవాటుపడి ఉంటుంది. దిబ్బ నుండి పట్టి తెచ్చిన చేపకు ఆ అలవాటు ఉండదు. అది ఎక్కడ పుట్టినదో అమ్మేవారిని అడగడం కొనేవారి హక్కు, బాధ్యత కూడా.

రాయలసీమలో మాకు పరిచయమున్న ఒక కుటుంబం నాలుగేళ్లుగా రెండు క్లౌన్ చేపలను పెంచుతున్నది. మొదట తెప్పించిన చేపలు రైలు ఆలస్యం వల్ల సంచిలోనే చనిపోయాయి. "మౌలానా గారూ, డబ్బు పోయినందుకు కాదు, పిల్లలకు జవాబు చెప్పలేకపోయాను" అన్నాడు ఆ తండ్రి. ఆ తరువాత అతడు పార్సిలు మానుకుని, చలికాలంలో స్వయంగా వెళ్లి తెచ్చుకున్నాడు. అతని ఇల్లాలు రోజూ ఫజ్ర్ నమాజు తరువాత గీత వరకు శుద్ధజలం పోస్తుంది. వేసవిలో రెండు లీటర్లు పడుతుందట. ఉప్పు కొలత, వేడి, తేదీ ఒక నోటు పుస్తకంలో వ్రాసి పెడుతుంది. ఆ ఇంట్లో ఖరీదైన పరికరాలు తక్కువ. ఆ పుస్తకమే వారి పెట్టుబడి.

కనుక తొట్టె కొనక ముందు ప్రతి కుటుంబం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పండుగకో, పెండ్లికో ఊరు వెళితే రోజూ నీరు పోసేవారు ఎవరు? ఏప్రిల్, మే నెలల వేడిని, కరెంటు కోతను తట్టుకునే ఏర్పాటు ఉన్నదా? క్లౌన్ చేప పదేళ్లకు పైగా జీవించగలదు. నేడు అడుగుతున్న పిల్లవాడు హాస్టలుకు వెళ్లిపోయిన తరువాత దాని బాధ్యత ఎవరిది? మూడింటికీ పేరుతో సహా జవాబు ఉంటే ఆరంభించవచ్చు. లేకుంటే పిల్లలను విశాఖపట్నం తీసుకువెళ్లి, అలలను, సముద్రతీరాన ఉన్న చేపల ప్రదర్శనశాలను చూపించడం మేలు. ఇంటికి తెచ్చిన ప్రాణి మన చేతిలోని అమానత్. దాని ఆహారం, నీరు, ఊపిరి అన్నీ మన జ్ఞాపకశక్తిపై ఆధారపడి ఉంటాయి. ఆ భారం మోయలేమని ముందుగానే తెలుసుకుని ఆగిపోవడం కూడా ఆ ప్రాణి పట్ల దయయే.