మెడ చెప్పే గుండె గుట్టు

శిరస్సు, హృదయం, వస్తి అనే మూడింటిని చరక సంహిత ప్రధాన మర్మాలుగా పేర్కొన్నది. కంఠానికి ఇరుప్రక్కల ఉండే నీల, మన్య అనే ధమనులను కూడా సుశ్రుతాచార్యులు మర్మస్థానాలుగానే గుర్తించారు. హృదయానికీ మెడకూ గల సంబంధాన్ని నేడు అల్ట్రాసౌండ్ పరీక్ష మరొక కోణం నుంచి చూపుతున్నది.

మెడనే ఎందుకు చూడాలి?

గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనులు సన్ననివి. ఎముకల గూటి వెనుక నిరంతరం కదులుతూ ఉంటాయి. అందువలన సాధారణ అల్ట్రాసౌండ్‌తో వాటిలోని పూడికను చూడటం సాధ్యం కాదు. మెదడుకు రక్తం తీసుకొనిపోయే కెరోటిడ్ ధమనులు మాత్రం మెడలో చర్మం క్రిందనే ఉంటాయి. ధమనులలో కొవ్వు పేరుకొనటం ఒక్కచోటికే పరిమితమయ్యే వ్యాధి కాదు. మెడలో అది కనిపించినపుడు గుండె ధమనులలో కూడా ఉండే అవకాశం ఎక్కువ.

పరీక్షా విధానం

రోగిని వెల్లకిల పడుకోబెట్టి, మెడపై జెల్ పూసి, పరికరాన్ని ఆనించి చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. ధమని లోపలి రెండు పొరల మందాన్ని ఇలా కొలవవచ్చునని 1986లో ఇటలీ పరిశోధకులు చూపారు. సాధారణంగా ఇది 0.9 మిల్లీమీటరు లోపు ఉంటుంది. వయసుతోపాటు కొంత పెరుగుతుంది. ఒకచోట 1.5 మిల్లీమీటర్లు దాటి ఉబ్బి ఉంటే దానిని పూడికగా పరిగణిస్తారు. హైదరాబాద్ సమీప గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ భాగస్వామిగా సాగిన దీర్ఘకాలిక అధ్యయనంలో కూడా ఈ కొలత తీసుకొన్నారు.

పరిమితులు

మెడ శుభ్రంగా ఉన్నంత మాత్రాన గుండెకు ముప్పు లేదని అనుకోరాదు. ఈ పరీక్ష యాంజియోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదు. పొరల మందాన్ని అందరికీ కొలవనవసరం లేదని 2013లో అమెరికా హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు తెలిపాయి. పూడిక కనిపిస్తే మాత్రం ముప్పు ఎక్కువని భావించి చికిత్స నిర్ణయిస్తారు. మధుమేహం, రక్తపోటు, పొగత్రాగుడు, వంశంలో చిన్న వయసులోనే గుండెపోటు ఉన్నవారు ఈ పరీక్ష అవసరమో కాదో వైద్యుని అడగాలి.

ఆదిలాబాద్ వాసులకు హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, నాగపూర్ సుమారు 200 కిలోమీటర్లు. పట్టణంలో రిమ్స్ 2008లో ప్రారంభమైనా, పెద్ద పరీక్షలంటే దూర ప్రయాణమన్న భయం నేటికీ చాలా ఇళ్ళలో ఉన్నది. ముప్పును ముందే గుర్తిస్తే ఆ ప్రయాణానికి సిద్ధపడే వ్యవధి దొరుకుతుంది. అయితే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి, చెమటలు కనిపిస్తే మెడ పరీక్ష కోసం ఆగరాదు. గ్యాస్ అనుకొని వాము నమలుతూ కూర్చోక వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లో పాటించదగినవి

• జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పులు తినాలి. ఉప్పు, నూనె, పచ్చళ్ళు తగ్గించాలి. పొగాకును పూర్తిగా మానాలి.

• ప్రతిదినం అరగంట నడవాలి. ఆదిలాబాద్ చలికాలంలో హృద్రోగులు తెల్లవారుజామున కాక ఎండ వచ్చిన తరువాత నడవటం మేలు.

• తెల్లమద్ది బెరడును ఎనిమిది రెట్లు పాలు, ముప్పది రెండు రెట్లు నీటితో కలిపి, పాలు మిగిలేవరకు కాచే క్షీరపాకం హృదయానికి హితమని ఆయుర్వేదం చెప్పింది. ఇది పూడికను కరిగిస్తుందని ఋజువు కాలేదు. వైద్యుని సలహాపైనే వాడాలి.

• రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు వెల్లుల్లిని ఔషధ మోతాదులో తీసుకొనరాదు.

• మెడ ధమనులపై గట్టిగా మర్దన చేయరాదు.

వైద్యుడు ఇచ్చిన మాత్రలను సొంతంగా మానివేసి కషాయాలను నమ్ముకొనటం ప్రాణాపాయం. పథ్యం ఔషధానికి తోడే గాని బదులు కాదు.