వార్తల్లో పదం: మాడ్యులర్ హౌసింగ్

గోడ పలకలు, శ్లాబులు, మెట్లు వంటివి ఒకే కొలమానంతో ముందే పోతపోసి, స్థలానికి తెచ్చి బిగించడం మాడ్యులర్ పద్ధతి. ఇటుక మీద ఇటుక పేర్చే తీరు కాదు. కట్టడం సులువే, చిక్కంతా ఎవరి నమూనాతో కట్టాలన్న దగ్గరే!

పెరూ రాజధాని లిమాలో అదే చిక్కు ఎదురైంది. అప్పటి దేశాధ్యక్షుడు బెలౌందె స్వయంగా ఆర్కిటెక్ట్. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో 1960ల చివర్లో ‘ప్రెవి’ అనే ఇళ్ల నమూనాల పోటీ పెట్టారు. 13 విదేశీ బృందాలు, మరో 13 పెరూ బృందాలు రంగంలోకి దిగాయి. మన దేశం నుంచి వెళ్లింది చార్లెస్ కొరియా. సికింద్రాబాద్‌లో పుట్టిన మనిషి. ఇరుకైన వరుస ఇళ్లు, పైనుంచి గాలిని లోపలికి పట్టి దించే ఏర్పాటు ఆయన నమూనా.

న్యాయనిర్ణేతలు విజేతలను ప్రకటించారు. కానీ ఒక్క నమూనాతోనే కాలనీ అంతా కట్టెయ్యలేదు. దాదాపు అన్ని నమూనాలనూ కొన్ని కొన్ని చొప్పున, 1970ల్లో సుమారు 500 ఇళ్లు కట్టి చూశారు. తేల్చుకోలేక తప్పించుకున్నారని ఎవరైనా అనొచ్చు. నాకు మాత్రం అదే తెలివైన పని అనిపిస్తుంది. కాగితం మీద అన్ని ఇళ్లూ ముచ్చటగానే ఉంటాయి మరి.

కుటుంబం పెరిగితే ఇల్లూ పెరగాలన్నది పోటీ షరతు. జనం దాన్ని ఆర్కిటెక్టుల కంటే గట్టిగా పట్టుకున్నారు. పైన అంతస్తులు లేచాయి, కింద దుకాణాలు తెరిచారు. ఇప్పుడు అక్కడికెళ్తే ఏది ఎవరి నమూనానో గుర్తుపట్టడమే కష్టం.